తప్పును చదివిన వైద్యుడు: అలెగ్జాండర్ లూరియా

కాలు విఱిగినవాని బాధ కంటికి కనబడును. కట్టు కట్టుదురు, చేతికి కఱ్ఱ ఇత్తురు, నలుగురును జాలిపడుదురు. మెదడునకు గాయము తగిలినవాని సంగతి అట్లు కాదు. పైగాయము మానిన పిమ్మట అతడు మనవలెనే నడచును, కూర్చుండును, భోజనము చేయును. కాని భార్య పేరు నోటికి రాదు. నిన్నటివరకు చదివిన పత్రికలోని అక్షరములు నేడు నల్లని గీతలుగా మాత్రమే తోచును. తలుపు తీయుటకై లేచి, ఎందుకు లేచెనో మఱచి నిలిచిపోవును. ఇరుగుపొరుగువారు మతి పోయినదందురు, బంధువులు సోమరితనమందురు. తన కష్టమును చెప్పుకొనవలెనన్నచో, ఆ చెప్పుకొను శక్తియే అతనికి పోయియుండును.

ఇట్టివానియందు పోయినదేది, మిగిలినదేది అని ఓపికతో విచారించి, మిగిలినదానిని ఊతగా చేసికొని పోయినదానిని మరల కట్టవచ్చునని లోకమునకు చూపినవారిలో అగ్రగణ్యుడు రష్యా దేశీయుడైన అలెగ్జాండర్ రొమనోవిచ్ లూరియా. ఆయన జీవితము వైద్యులకెంత పాఠమో, బడిలో పిల్లల వ్రాతపుస్తకములు దిద్దు ఉపాధ్యాయులకును అంత పాఠము.

బాల్యము, విద్యాభ్యాసము

వోల్గా నదీతీరమందలి కజాన్ నగరములో 1902వ సంవత్సరము జూలై 16వ తేదీన లూరియా జన్మించెను. తండ్రి రోమన్ లూరియా పేరుమోసిన వైద్యుడు, జీర్ణకోశ వ్యాధుల నిపుణుడు. తల్లి దంతవైద్యురాలు. 1917లో విప్లవము వచ్చునాటికి బాలునకు పదునైదేండ్లు. బడులు, కళాశాలలు, పాఠ్యక్రమములు అన్నియు తలక్రిందులైన దినములవి. ఆ సందడిలోనే అతడు పదునాఱవ యేట విశ్వవిద్యాలయమున చేరి, 1921లో పట్టము పుచ్చుకొనెను. కొడుకు తనవలె వైద్యుడు కావలెనని తండ్రి కోరిక. కొడుకు మనసు మాత్రము మనస్తత్వశాస్త్రముపై నుండెను. తండ్రీకొడుకుల ఈ తగవు చాలయేండ్లకు గాని తీరలేదు.

యువకుని ఉత్సాహమునకు మేర లేకుండెను. ఇరువదియేండ్ల ప్రాయమున కజానులో మనోవిశ్లేషణ సంఘము నొకదానిని స్థాపించి, వియన్నాలోని ఫ్రాయిడునకు లేఖ వ్రాసి ప్రత్యుత్తరము తెప్పించుకొనెను. పత్రిక నొకదానిని ప్రకటింపబూనగా కాగితము దొరకలేదు. ఆ కఱవు దినములలో సబ్బుల కర్మాగారమునకు పోయి, అచ్చటి పసుపుపచ్చ కాగితము తెచ్చి అచ్చువేయించెను. 1923లో మాస్కోలోని మనస్తత్వశాస్త్ర సంస్థ ఆయనను పిలిచెను. మనసులోని కలవరము చేతివ్రేళ్ల కదలికలలో ఎట్లు బయటపడునో అచ్చట ఆయన పరిశోధించెను. నేరపరిశోధకులు తరువాత వాడిన అసత్యశోధక యంత్రములకు ఈ పద్ధతి పూర్వరూపమని చెప్పుదురు. ఈ విషయమై ఆయన రచించిన గ్రంథము 1932లో ఆంగ్లమున వెలువడెను.

ఒక బడిపంతులు స్నేహము

1924వ సంవత్సరము జనవరిలో పెట్రోగ్రాడు నగరమున నొక శాస్త్రసభ జరిగెను. గోమెల్ అను చిన్న పట్టణము నుండి వచ్చిన ఒక యువకుడు, చేతిలో ప్రసంగపాఠ మేదియు లేకయే, పండితుల యెదుట నిలిచి తడబాటు లేక ఉపన్యసించెను. అతడు బడిలో సాహిత్యము బోధించిన ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠములు చెప్పుచున్నవాడు. పేరు లెవ్ వైగోట్‌స్కీ. ఆ ఉపన్యాసము వినిన లూరియా ఆ పంతులును మాస్కోకు రప్పించుటకు పాటుపడెను. వయసున ఆఱేండ్లు మాత్రమే పెద్దవాడైన వైగోట్‌స్కీని ఆయన జీవితాంతము గురువుగా భావించెను. వీరిద్దఱును, లియాంటియేవ్ అను మఱియొక మిత్రుడును కలిసి కొత్త మనస్తత్వశాస్త్రమునకు పునాదులు వేసిరి.

మనుష్యుని జ్ఞాపకము, ఆలోచన, సంకల్పము పుట్టుకతో పూర్తిగా వచ్చునవి కావని వైగోట్‌స్కీ మతము. శిశువు పెద్దలతో కలిసి చేసినది తరువాత తాను ఒంటరిగా చేయును. మొదట తల్లి నోటిమాటకు కదలిన చేయి, పిదప తన నోటిమాటకు, కడపట లోలోని మౌనవాక్కునకు కదలును. మాట, అక్షరము, అంకె, కొంగున కట్టుకొన్న గుర్తుముడి, ఇవన్నియు మనసు బయటినుండి తెచ్చుకొన్న పనిముట్లు. అట్లయినచో, లోపల ఒక దారి తెగిపోయినప్పుడు బయటినుండి కొత్త పనిముట్టు నందిచ్చి వేఱొక దారి వేయరాదా? ఈ ప్రశ్నయే తరువాతి కాలమున లూరియా చేతిలో వైద్యమైనది.

1931, 1932 సంవత్సరములలో లూరియా మధ్యాసియాకు, ప్రధానముగ ఉజ్బెకిస్తానునకు, పరిశోధన యాత్రలు చేసెను. చదువు రాగానే రైతుల ఆలోచనా విధానము ఎట్లు మాఱునో తెలిసికొనుట ఆయన ఉద్దేశము. అల్పసంఖ్యాక జాతులను తక్కువచేసి చూపెనని ప్రభుత్వపక్షము వారు ఆయనపై నేరము మోపిరి. ఆ పరిశోధన నలుబదియేండ్లు పెట్టెలో పడియుండి, 1974లో గాని గ్రంథరూపమున వెలుగు చూడలేదు. 1934లో వైగోట్‌స్కీ క్షయవ్యాధితో తన 37వ యేట మరణించెను. 1936లో కమ్యూనిస్టు పార్టీ కేంద్రసంఘము బడులలో మనస్తత్వ పరీక్షలను నిషేధించెను. వైగోట్‌స్కీ గ్రంథములు ఆ పిమ్మట 20 ఏండ్లపాటు మరల అచ్చునకు నోచుకొనలేదు.

గురువు పోయెను, దారి మూసికొనిపోయెను. ఇతరుడైనచో నిరాశ చెందియుండును. లూరియా మాత్రము ముప్పదియేండ్లు దాటిన ప్రొఫెసరు అయ్యును వైద్యకళాశాలలో విద్యార్థిగా కూర్చుండి, 1937లో వైద్యపట్టము పొందెను. తండ్రి కోరిక ఇట్లు తీరెను. పిమ్మట బుర్డెంకో నడపుచున్న నాడీ శస్త్రచికిత్సా సంస్థలో చేరి, మెదడున కణితులు, గాయములు గలవారిని పరీక్షించు విద్యను మొదటినుండి నేర్చుకొనెను.

కిసెగాచ్ ఆసుపత్రి

1941 జూన్ 22వ తేదీన హిట్లరు సైన్యములు రష్యాపై పడెను. తలకు తుపాకిగుండ్లు, ఇనుపముక్కలు తగిలిన సైనికులు వేలకొలది వచ్చుచుండిరి. ప్రాణములు కాపాడుట శస్త్రవైద్యుల వంతు. ప్రాణము దక్కిన పిమ్మట మాట పోయినవానిని, చదువు పోయినవానిని ఏమి చేయవలెను? ఆ పని లూరియాకు అప్పగింపబడెను. దక్షిణ యూరల్ పర్వతప్రాంతమున చెల్యాబిన్స్క్ నగరమునకు సమీపమున, కిసెగాచ్ అను చోట 400 పడకల ఆరోగ్యశాల యొకటి కొత్తగా కట్టబడియుండెను. ఆయన దానినే ఎన్నుకొని, మాస్కోనుండి తన సహచరులను రప్పించి, పునశ్శిక్షణ ఆసుపత్రిగా మార్చెను. అచ్చట ఒక గది పరిశోధనాలయము, ఒక గది బడి, ఒక గది వడ్రంగిశాల. సుమారు మూడేండ్ల కాలము ఆయన అచ్చట పనిచేసెను.

ఇట్టి ప్రయత్నము ఆయనతోనే మొదలైనదనుట సరికాదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మనీలో గోల్డ్‌స్టెయిన్, పాపెల్‌రాయిటర్ ప్రభృతులు మెదడు గాయపడిన సైనికులకు పరీక్షలు జరిపి పనులు నేర్పియుండిరి. లూరియా విశేష మేమనగా, పరీక్షకును శిక్షణకును నడుమనున్న గోడను ఆయన తొలగించెను.

అంతకుముందు పండితులలో రెండు పక్షము లుండెను. 1861లో ఫ్రెంచి వైద్యుడు బ్రోకా మాట పలుకుటకు సంబంధించిన చోటును మెదడు ఎడమభాగమున గుర్తించెను. 1874లో వెర్నికే మాటను గ్రహించు చోటును చూపెను. వీరి ననుసరించి, వ్రాతకొక గది, లెక్కకొక గది, చదువునకొక గది మెదడులో కలవని కొందఱు పటములు గీచిరి. మెదడంతయు ఒక్కటియే, పనుల విభజన లేదని మఱికొందఱు వాదించిరి. మొదటివారి మాట నిజమైనచో, గది కూలిన పిమ్మట చేయదగినది లేదు. రెండవవారి మాట నిజమైనచో, ఏది శిక్షణ ఈయవలెనో తెలియదు.

లూరియా నడిమిదారి పట్టెను. ఊపిరి పీల్చుట ఏ ఒక్క అవయవముయొక్క పనియు కాదు. ఱొమ్ము, పొట్ట, గొంతు అన్నియు కలిసి చేయును, ఒకటి అలసినప్పుడు మఱియొకటి ఆ భారము మోయును. వ్రాత, చదువు, లెక్క అట్టివే. మెదడులోని అనేక స్థానములు పొత్తుగా చేయు పను లివి. ప్రతి స్థానమును తన వంతు మాత్రమే చేయును. ఒక వంతు తెగినచో పని మొత్తము చెడును. కాని చెడు విధము వంతును బట్టి మాఱును. కాబట్టి తప్పు జరిగినదని వ్రాసికొనుట చాలదు. ఎట్టి తప్పో చదువవలెను.

ఒక్క తప్పు, అనేక కారణములు

వ్రాత పోయిన అయిదుగురు సైనికులు బల్లలముందు కూర్చున్నారనుకొందము. మార్కులు వేసినచో అయిదుగురికిని సున్నయే. లూరియా కన్నులకు వారు అయిదు విధముల రోగులు.

మొదటివానికి ఎడమ కణత ప్రక్కనున్న మెదడుభాగము దెబ్బతినినది. చెవి వినబడును, కాని దగ్గఱి ధ్వనుల భేదము తెలియదు. మన భాషలో చెప్పవలెనన్నచో, బడి అనినను పడి అనినను అతనికి ఒక్కటియే. విన్నది తెలియనప్పుడు వ్రాయుట యెట్లు? రెండవవానికి నాలుక, పెదవులు ఏ స్థితిలో నున్నవో తెలియజేయు భాగము చెడినది. నాలుక ఇంచుమించు ఒకచోటనే తగులు ల, న, ద ధ్వనులు అతనికి కలిసిపోవును. పలుకుటలోని తప్పు వ్రాతలోనికి దిగును. మూడవవాడు అక్షరము లన్నియు ఎఱుగును. కాని ఒక కదలికనుండి మఱియొక కదలికకు చేయి జాఱదు, ప్రతి గీతకును వేఱువేఱుగా పాటుపడవలెను. నాల్గవవానికి కుడియెడమలు, పైక్రిందులు తాఱుమాఱైనవి. అక్షరము తిరగబడును, కొమ్ము వేఱుచోట పడును. అయిదవవానికి నుదుటి వెనుకనున్న ముందరి భాగము గాయపడినది. అతనికి ధ్వనియు తెలియును, అక్షరమును తెలియును. కాని ఏమి వ్రాయబూనెనో అది మనసున నిలువదు. వ్రాసిన అక్షరమునే మరల మరల వ్రాయుచు పోవును, తప్పని తెలియజెప్పినను దిద్దుకొనడు.

ఈ భేదములను కనుగొనుటకు ఆయన వాడిన సాధనములు మిక్కిలి సామాన్యములు. ఒక పెన్సిలు, కొన్ని బొమ్మల అట్టలు, బల్లపై తట్టుటకు వ్రేళ్లు. పిడికిలి, చేతి అంచు, అఱచేయి అను మూడు భంగిమలను వరుసగా బల్లపై మోపుమనును. తాను రెండుమార్లు తట్టినప్పుడు ఒకమాఱు, ఒకమాఱు తట్టినప్పుడు రెండుమార్లు తట్టుమనును. నూఱు నుండి ఏడేడు చొప్పున తీసివేయుచు పొమ్మనును. తండ్రి అన్నకును అన్న తండ్రికిని భేదమడుగును. మాటలు అవే, కూర్పు మాఱినంతనే అర్థము మాఱును. ఆ కూర్పును ఒక్కచూపున పట్టలేనివాడు పదములు రెండును తెలిసియు తెల్లబోవును. రోగి తప్పినంతనే పరీక్ష ముగియదు. అసలు పరీక్ష అప్పుడే మొదలగును. ప్రశ్నను మార్చి, సాయము కొంచెము కొంచెముగ హెచ్చించి, ఏ సాయమందినప్పుడు రోగి ఆ పని చేయగలుగునో ఆయన కనిపెట్టును. ఆ సాయమే మఱునాటి శిక్షణకు మొదటి మెట్టు.

బ, ప భేదము వినలేనివానికి ఎంత బిగ్గఱగ చెప్పినను ప్రయోజనము లేదు. అతని వ్రేళ్లను కంఠముపై నుంచి, బ పలుకునప్పుడు కలుగు అదురును తాకించి చూపవలెను. చెవి చేయలేని పనిని స్పర్శ చేయును. నాలుక స్థానము తెలియనివానిని అద్దముముందు కూర్చుండబెట్టి, కంటితో నోటిని చూచి పలుకుట నేర్పవలెను. ఆలోచనలు క్రమముగ రానివానికి, తోచిన ప్రతి సంగతిని ఒక్కొక్క చీటిపై వ్రాయించి, చీటీలను వరుసలో పేర్పించి, కథ చెప్పించవలెను. చేయి పైకెత్తుమనిన ఎత్తలేనివాడు, ఎత్తున నున్న వస్తువు నందుకొనుమనిన అంతకంటె ఎత్తుగా చాపగలుగుట లియాంటియేవ్ ప్రభృతులు మఱియొక యుద్ధకాలపు ఆసుపత్రిలో చూచిరి. పనికి ప్రయోజనము తోడైనచో శరీరమునకు శక్తి తోడగును. మొదట బయటనుండి వచ్చిన ఊత అభ్యాసముచేత క్రమముగ లోపలికి పోవును. వైగోట్‌స్కీ శిశువులయందు చూచిన క్రమమే ఇది.

జసెట్‌స్కీ పోరాటము

1943 మే నెలలో ఇరువదిమూడేండ్ల యువకు డొకడు కిసెగాచ్ చేరెను. గ్రంథమున లూరియా అతనిని జసెట్‌స్కీ అని పేర్కొనెను. ఇంజనీరింగు విద్యార్థిగా నుండి సైన్యమున చేరినవాడు. ఆ సంవత్సరము మార్చి 2వ తేదీన స్మోలెన్స్క్ యుద్ధరంగమున తుపాకిగుండు అతని తల ఎడమవైపు వెనుకభాగమున దూసికొనిపోయెను. అతనికి లోకము ముక్కలు ముక్కలైపోయెను. చూచిన వస్తువులో కుడిభాగము కనబడదు. తన చేయి ఎచ్చటనున్నదో వెదకికొనవలెను. అక్షరములు పరాయిభాషవలె తోచుచుండెను.

పిల్లవానివలె మరల అక్షరాభ్యాసము మొదలయ్యెను. ఒక్కొక్క అక్షరమును తలంచుకొని, గీతలు కూర్చి వ్రాయుట నరకయాతన. ఒకనాడు అక్షరములను గూర్చి తలపోయక, చేయి ఎత్తకుండ, ఒక్క ఊపున పదము వ్రాయుమని చెప్పగా, అతడు వ్రాసెను! చిన్ననాటినుండి చేతికి అలవడిన ఒఱవడి మిగిలియేయున్నదని తేలెను. కన్ను చేయలేని పనిని చేయి జ్ఞాపకముంచుకొనెను. నాటినుండి జసెట్‌స్కీ వ్రాయసాగెను. తాను వ్రాసినది తానే చదువలేడు. చదివినను అక్షర మక్షరముగ కూడబలుకవలెను. దినమున కొన్ని పంక్తులు సాగినచో అదియే గొప్ప. అయినను 25 ఏండ్లకు పైగా, సుమారు 3000 పుటలు తన కథ వ్రాసెను. ఆ వ్రాతలతో తన వ్యాఖ్యలను చేర్చి లూరియా 1971లో ఒక గ్రంథమును ప్రకటించెను.

అతడు పూర్తిగ కోలుకొనెనని చెప్పుట అసత్యము. జీవితాంతము అతనికి ఆ లోకము ముక్కలుగనే ఉండెను. కాని మెదడు ముందరిభాగము చెక్కుచెదరలేదు కావున సంకల్పము, స్వవిమర్శ నిలిచియుండెను. ఆ భాగము చెడిన మఱియొక రోగి కథ దీనికి సరిగ ఎదురు. అతనికి చూపు, మాట, చేతిబలము అన్నియు ఉన్నవి. వడ్రంగిశాలలో చిత్రికపట్ట ఇచ్చినచో, కొయ్య అరిగిపోయిన పిమ్మటను ఆపక క్రింది బల్లనే చిత్రికపట్టుచుండెను. అన్నియు పోయి సంకల్పము మిగిలినవాడొకడు. అన్నియు మిగిలి సంకల్పము పోయినవాడొకడు. మనుష్యుని మనుష్యునిగా నిలుపునదేదో ఈ ఇద్దఱును మనకు చెప్పకయే చెప్పుదురు.

మరల అడ్డంకులు, తుదికి గౌరవము

యుద్ధానుభవముల ఫలముగా 1947, 1948 సంవత్సరములలో గాయములచేత మాట పోవుటను గూర్చియు, మెదడు విధులను పునరుద్ధరించుటను గూర్చియు రెండు గ్రంథములు వెలువడెను. అంతలోనే కాలము మరల ఎదురు తిరిగెను. 1950లో మాస్కోలో జరిగిన శాస్త్రసభలో పావ్లోవ్ సిద్ధాంతమును మాత్రమే అనుసరింపవలెనని నిర్ణయింపగా, శస్త్రచికిత్సా సంస్థలో లూరియా పరిశోధనాలయము మూతపడెను. ఆయన మానసికముగ వెనుకబడిన పిల్లల విద్యను పరిశోధించు సంస్థకు పోయి, అచ్చటను ఊరకుండక, మాట పిల్లల చేతలను ఎట్లు అదుపున పెట్టునో పరిశోధించెను. 1950 తరువాతి దశకము చివర గాని తన పాత స్థానమునకు ఆయన మరలిరాలేదు.

1962లో ఆయన ప్రధాన గ్రంథము, మెదడు పైపొరయొక్క ఉన్నతవిధులను గూర్చినది, ప్రకటితమై 1966లో ఆంగ్లమున వచ్చెను. 1973లో పనిచేయు మెదడు అను అర్థమిచ్చు పేరుతో విద్యార్థులకొఱకు మఱియొకటి వ్రాసెను. మెలకువను నిలుపు భాగము, లోకవార్తను గ్రహించి దాచుకొను భాగము, పనిని సంకల్పించి నడపి సరిచూచు భాగము అని మెదడును మూడు సముదాయములుగ విభజించి అందు బోధించెను. 1968లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు ఆయనను విదేశసభ్యునిగ ఎన్నుకొనెను. 1977 ఆగస్టు 14వ తేదీన మాస్కోలో హృద్రోగముతో ఆయన కన్నుమూసెను.

ఆయన పద్ధతిలో లోపములు లేకపోలేదు. అంకెల కొలత తక్కువ, పరీక్షకుని నేర్పుపై ఆధారము ఎక్కువ. అమెరికాలో హాల్‌స్టెడ్, రైటన్ అనువారు అంకెలతో కొలుచు పరీక్షలను ఏర్పఱచిరి. డెన్మార్కునకు చెందిన అన్నా లీసె క్రిస్టెన్‌సెన్ లూరియా పరీక్షలను 1970 తరువాతి దశకమున క్రమపఱచి ప్రకటించి, 1985లో కోపెన్‌హేగనులో మెదడు గాయపడినవారికొఱకు పునశ్శిక్షణ కేంద్రమును నడపసాగెను. నేటి వైద్యులు కొలతను, పరిశీలనమును రెండింటిని కలిపి వాడుదురు. నేడు యంత్రములు పుఱ్ఱె తెఱవకుండగనే లోపలి గాయమును చిత్రించి చూపును. కాని గాయమెచ్చటనున్నదో యంత్రము చెప్పునే గాని, ఆ మనుష్యుడు మరల అంగడికి పోయి చిల్లర లెక్కపెట్టుకొని రాగలడా, తన బిడ్డకు ఉత్తరము వ్రాయగలడా అను ప్రశ్నలకు జవాబు చెప్పజాలదు. దానికొఱకు ఒక మనుష్యుడు మఱియొక మనుష్యుని యెదుట ఓపికతో కూర్చుండవలసినదే.

బడిలో పిల్లవాడు తప్పు వ్రాసినప్పుడు మనము ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీచి, ప్రక్క పుట తిరుగవేయుదుము. అయిదుగురు పిల్లల తప్పులు చూపునకు ఒకటే కావచ్చును. కారణములు అయిదు కావచ్చును. ఒకడు వినలేదేమో, ఒకడు విని మఱచెనేమో, ఒకడు తెలిసియు తొందరపడెనేమో. ఆ గీతకు ముందు ఒక్క నిమిషమాగి, ఈ తప్పు ఎచ్చటినుండి వచ్చినది, ఏ సాయమిచ్చినచో ఈ పిల్లవాడు తానే దీనిని దాటును అని విచారించిన ఉపాధ్యాయుడు, తెలిసియో తెలియకయో లూరియా నడచిన దారిలోనే నడచుచున్నవాడు.